మత్తెక్కని వాడి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. "మత్తెక్కకపోవడం గొప్పే కదరా, నాకు రెండు గుక్కలకే ఎక్కేస్తుంది" అని ఎగతాళి చేశావు. సీసా ముందు కూర్చున్నప్పుడు గొప్పేరా. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

కింది దవడ పన్ను చీము పట్టి పోటెత్తితే వెళ్లాను. మూడు సూదులు పొడిచాడు. పెదవి సగం మొద్దుబారింది, లోపల పన్ను మాత్రం నిక్షేపంగా మేలుకునే ఉంది. డ్రిల్లు తగలగానే కాలివేళ్లు చెప్పుల్లోనే ముడుచుకుపోయాయి. "అది నొప్పి కాదండీ, ఒత్తిడి, అంతే" అన్నాడు. పన్ను నాది, నొప్పి సంగతి ఆయనకి తెలుసట! చీము పట్టిన చోట ఆమ్లం పెరుగుతుందనీ, అక్కడ లిడోకెయిన్ అనే ఆ మొద్దుబార్చే మందు నరం లోపలికి సరిగ్గా దూరలేదనీ తర్వాత తెలిసింది. కొందరికి ఆ పంటికి అదనంగా ఇంకో నరం కొమ్మ కూడా వస్తుందట. ఇవేవీ చెప్పకుండా భయస్థుడివన్నాడు చూడు, అదీ నా కోపం.

ఎండోస్కోపీ కథ ఇంకా బావుంటుంది. మిడజోలం అనే మగతమందు ఇచ్చి "ఇక మీకేం గుర్తుండదు" అన్నారు. నాకన్నీ గుర్తున్నాయి. గొట్టం గొంతులో ఉండగా ఇద్దరు నర్సులు ఆదివారం డ్యూటీ ఎవరిదని తగవుపడ్డారు. బయటికొచ్చాక "ఇంతకీ ఆదివారం ఎవరమ్మా?" అని అడిగితే పాపం ఒకావిడ మొహం పాలిపోయింది.

ఆ రెండూ అయ్యాక పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ అన్నారు. వారం రోజులు నిద్ర లేదురా. కడుపు కోస్తుండగా మెలకువ వస్తేనో?

మత్తు డాక్టరమ్మ ముందురోజే వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. నా సోదంతా విన్నది, నవ్వలేదు. ఫిట్స్ మాత్రలు, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నావా అని అడిగింది. వాటివల్ల కాలేయం మిడజోలం లాంటి మందుల్ని గబగబా ఖర్చు చేసేస్తుందట. మద్యం, నిద్రమాత్రలు, గంజాయి? ఏవీ లేవన్నాను (నీ పేరు చెప్పలేదులే). తర్వాత బొటనవేలు వంచమంది. బళ్లో నిన్ను జడిపించడానికి వేలు ముంజేతికి ఆనించేవాణ్ణి, గుర్తుందా? అది చూసి ఆగిపోయింది. కీళ్లు అతిగా వంగే ఎహ్లర్స్-డాన్లోస్ అనే జబ్బున్న వాళ్లలో చాలామందికి సూదిమత్తు సరిగ్గా పనిచెయ్యదట. వేలొక్కటే చూసి ఏమీ తేల్చలేమని, తీరిగ్గా పరీక్ష చేయించుకోమంది.

ఎర్రజుట్టు వాళ్ల సంగతీ చెప్పింది. 2004లో పదిమంది ఎర్రజుట్టు ఆడవాళ్లని చూస్తే, నల్లజుట్టు వాళ్లకంటే 19 శాతం ఎక్కువ మత్తువాయువు పట్టిందట. తర్వాత ఎక్కువమందిని చూసినప్పుడు అంత తేడా కనపడలేదట. నా బట్టతలకి ఆ గొడవే లేదు.

"పంటి సూది వేరు, పూర్తి మత్తు వేరు. మీరు వదిలే ఊపిరిలో వాయువు ఎంతుందో కొలుస్తూనే ఉంటాం, నుదుటికి పట్టీ అంటించి మెదడు తీరు చూస్తాం. చాలకపోతే పెంచుతాం" అంది. 2014లో బ్రిటన్లో లెక్క తీస్తే, ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చిందని చెప్పినవాళ్లు సుమారు 19,000 మందిలో ఒక్కరట. ఆ ఒక్కణ్ణి నేనేనని నా గట్టి నమ్మకం.

మర్నాడు పాలలా తెల్లగా ఉన్న ప్రొపోఫోల్ అనే మత్తుమందు చేతిలోకి ఎక్కిస్తుంటే, "డాక్టరుగారూ, ముందే చెబుతున్నా, నాకు ఎక్క..." అన్నాను. "...దు" అనేసరికి వేరే గదిలో ఉన్నాను. ఆపరేషన్ అయిపోయి కుట్లు కూడా వేసేశారు.

ఏ మందు ఎంత ఇచ్చిందో, దేనికి నేను లొంగానో ఆవిడ కాగితం మీద రాసిచ్చింది. లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నా. గురువారం మళ్లీ పన్ను, ఈసారి వేరే డాక్టరు. నోరు తెరవకముందే ఆ కాగితం బల్లమీద పెడతాను.

ఆ సాయంత్రం ఫోన్ చెయ్యి. మాట ముద్దముద్దగా వస్తే పని జరిగినట్టే. స్పష్టంగా వచ్చిందా, ఇంకేం అడక్కుండా పెట్టెయ్.

నీ
మత్తెక్కనివాడు