దుకాణదారుల సంఘం వార్షిక నివేదిక: తడిసిన సెల్లార్లు, కాలిన గోడౌన్, ఎగిరిన రేకులు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక సభ్యత్వాలతో, చెత్త బండి గొడవతో మొదలవుతుంది. ఈసారి వాటిని చివరికి నెట్టాను. నీళ్లు, నిప్పు, గాలి మూడూ ఒకే ఏడాదిలో మన బజారు మీద పడ్డాయి. సంఘం పనిలో సగానికి పైగా పాడైన దుకాణాలను మళ్లీ నిలబెట్టడానికే పోయింది.

నాలా పొంగిన రాత్రి మెయిన్ రోడ్డు కాంప్లెక్స్ సెల్లార్ పై మెట్టు దాకా నిండింది. తెల్లారేసరికి మోటార్లు తెచ్చి ఒక్క పూటలో తోడేద్దామని అందరం తొందరపడ్డాం. మన సభ్యుడి బావగారు రిటైర్డ్ ఇంజనీరు, ఆయన వచ్చి ఆపారు. "చుట్టూ మట్టి నానిపోయి గోడను లోపలికి నెడుతోందండీ. దానికి ఎదురు నిలబడింది లోపలున్న ఈ నీళ్లే. ఒక్కసారిగా తోడితే గోడ ఒరుగుతుంది, లేదంటే గచ్చు పైకి లేస్తుంది" అన్నారు. ముందు కరెంటు తీయించాం. డీజిల్ మోటార్లను రోడ్డు మీదే పెట్టాం. సెల్లార్లోకి దించితే ఆ పొగకే మనుషులు పోతారు. కొంత తోడి, నీటి మట్టం దగ్గర గోడ మీద సుద్దతో గీత గీసి వదిలేశాం. మర్నాడు నీళ్లు గీత దాటి పైకి రాలేదని చూశాకే మళ్లీ మోటారు వేశాం. మూడు రోజులు పట్టింది. గోడకు ఒక్క పగులు రాలేదు.

అసలు నష్టం ఆ తర్వాత తొందరలో జరిగింది. నాలా నీళ్లంటే మురుగు. అది తాకిన ఫాల్స్ సీలింగ్ పలకలు, ప్లైవుడ్, పరుపులు తీసి పారేయాల్సిందే. మెడికల్ షాపులో తడిసిన మందులన్నీ, అట్టపెట్టె బాగానే కనిపించినవి కూడా, పక్కన పెట్టించాం. మునిగిన ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్‌లు), స్విచ్ బోర్డులు ఆరబెట్టి వాడొద్దని, కొత్తవి వేయించాలని, వైర్లను మెగ్గర్‌తో (వైరు తొడుగు బాగుందో లేదో చెప్పే మీటరు) చూపించాకే కరెంటు ఇవ్వమని చెప్పాం. చాలామంది విన్నారు. ఒక బట్టల షాపులో మాత్రం గోడ చేతికి పొడిగానే తగులుతోందని ఎనిమిదో రోజుకే కొత్త ప్యానెల్ కొట్టేశారు. దీపావళి సేల్‌కి షట్టర్ తీస్తే ముక్కుకి కొట్టే వాసన. ప్యానెల్ ఊడదీసి చూస్తే వెనకంతా నల్లటి బూజు. రెండోసారి ఖర్చు, పైగా సీజన్ పోయింది. ఆ కుటుంబం పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. మూరెడు చదరం పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున షీటు లోపల చెమ్మ పట్టినా, దాని కింద గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదన్నట్టే.

మన పాత గల్లీల్లో డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం) కట్టిన గోడల సంగతి వేరు. అవి నీళ్లు పీలుస్తాయి, నెమ్మదిగా వదిలేస్తాయి. వాటి మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. రెండు దుకాణాల్లో అలాంటి ప్లాస్టరింగ్ గీకించి మళ్లీ సున్నమే పూయించాం. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికే నెల పట్టింది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో హైదరాబాద్‌లో వేల ఇళ్లు కొట్టుకుపోయిన చోట మనం వ్యాపారం చేస్తున్నాం. ఇక్కడ తడి గురించి తెలిసిన పనివాళ్లు అంతరించిపోకూడదని నా కోరిక.

వెనక గల్లీ గోడౌన్‌లో మంటలు ఒక్క గదిలోనే. దేవుడి దయవల్ల లోపల మనుషులెవరూ లేరు. పొగ మాత్రం పక్క నాలుగు దుకాణాల్లోకి వెళ్లింది. ప్లాస్టిక్ పైపులు, వైర్లు కాలితే వచ్చే మసిలో యాసిడ్ గుణం ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే లోపలికి ఇంకుతుంది, లోహం తుప్పు పడుతుంది. ముందు పొడిగా వాక్యూమ్ క్లీనర్‌తో లాగించి, ఆ తర్వాతే కడిగించాం. కంప్యూటర్లు, తూకం మెషీన్లు పనిచేస్తున్నాయని అలాగే ఆన్ చేయొద్దు, ముందు మెకానిక్‌కి చూపించండి.

కాలిన గదిలో స్లాబు పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. లేత గులాబీ రంగులో ఉంది. సుమారు 300 డిగ్రీలు దాటిన కాంక్రీటు అలా మారుతుందట, అక్కడి నుంచి బలం తగ్గుతుందట. చల్లారాక లోపలి ఇనుప చువ్వ బలం చాలావరకు తిరిగొస్తుంది గానీ కాంక్రీటుది రాదు. యజమాని రంగు వేయించి అద్దెకిద్దామన్నారు. కాంక్రీటు బలం తేల్చే రీబౌండ్ హ్యామర్ (సుత్తి పరికరంతో కొట్టి చూడటం), కోర్ (ముక్క తొలిచి తీసి చూడటం) టెస్టులు అయ్యేదాకా ఆగమని సంఘం పట్టుబట్టింది. రిపోర్టు వచ్చాక రెండు స్తంభాలకు చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు పోయించారు. 2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో తగలబడిన మాల్‌ని చివరకు కూల్చాల్సి వచ్చింది. అదే ఏడు మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. అందుకే మన కాంప్లెక్స్ మెట్ల మీద సరుకు బస్తాలు పెట్టేవాళ్లతో ఈ ఏడాది గట్టిగానే మాట్లాడాం. నొచ్చుకున్నవాళ్లు క్షమించండి, బస్తాలు మాత్రం తీసేయండి.

మే నెల గాలివానకు మూడు షెడ్ల రేకులు లేచాయి. హైదరాబాద్‌కి కట్టడాల జాతీయ కోడ్ లెక్క ప్రకారం సెకనుకు 44 మీటర్ల గాలిని తట్టుకునేలా కట్టాలి. గాలి అంచులు, మూలల దగ్గరే ఎక్కువగా పీకుతుంది కాబట్టి అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాం.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామందికి దెబ్బ తగిలింది. 20 లక్షల సరుకుకు 10 లక్షల పాలసీ ఉంటే, పాలసీ సరుకులో సగానికే కాబట్టి, 4 లక్షల నష్టానికి మామూలుగా 2 లక్షలే వస్తాయి. స్టాకు పెరిగినప్పుడల్లా పాలసీ పెంచుకోండి. ఫోటోలు, వీడియో తీయకుండా, సర్వేయర్ చూడకుండా చెత్త పారేయొద్దు.

సభ్యత్వ బకాయిల లెక్క కోశాధికారి చదువుతారు. చెత్త బండి ఇప్పుడు రోజూ వస్తోంది. సంఘం డబ్బుతో కొన్న మోటారు, మెగ్గర్ ఆఫీసులో ఉన్నాయి, వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేసి ఎవరైనా తీసుకెళ్లవచ్చు. వానలకు ముందు సెల్లార్ ఉన్న ప్రతి కాంప్లెక్స్ నుంచి ఒకరు వచ్చి మోటారు వేయడం నేర్చుకోండి. పేర్లు ఈ సభలోనే రాయించండి.

కార్యదర్శి