మందుల షాపు మూతపడేది గిరాకీ లేక కాదు

సంపాదకుడి గారికి,

అమెరికాలో మందుల షాపులు మూతపడుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా ఆన్‌లైన్ కొనుగోళ్లు, దొంగతనాలే కారణమంటున్నారు. అవీ ఉన్నాయి. కానీ అసలు తిరకాసు బిల్లులో ఉంది.

2010–2020 మధ్య నడిచిన షాపుల్లో దాదాపు మూడో వంతు 2021కల్లా మూతపడ్డాయి. నల్లజాతి, లాటినో కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలకే ఎక్కువ దెబ్బ తగిలింది. షికాగో దక్షిణ, పశ్చిమ భాగాల్లో ఇది పాత బాధే. బోస్టన్‌లోని రాక్స్‌బరీలో 2024 జనవరిలో వాల్‌గ్రీన్స్ అనే పెద్ద కంపెనీ షాపు మూతపడింది.

ఇన్సూరెన్స్ కార్డు చూపగానే బిల్లు, ఇన్సూరెన్స్ తరఫున మందుల లెక్కలు చూసే పీబీఎం అనే మధ్యవర్తి కంపెనీకి వెళ్తుంది. జనరిక్ మాత్రకు ఎంతివ్వాలో ఆ కంపెనీ రాసుకున్న జాబితాయే తేలుస్తుంది. హోల్‌సేలర్‌ దగ్గర కొన్న ధర అంతకన్నా ఎక్కువైతే నష్టం షాపుదే. కాంట్రాక్టు వదులుకుంటే ఆ కార్డులున్న వాళ్లంతా పోతారు. మూడు పెద్ద పీబీఎంల చేతుల మీదుగానే దాదాపు 80 శాతం ప్రిస్క్రిప్షన్లు నడుస్తున్నాయి. వాటిలో ఒకటి, దేశమంతా మందుల షాపులు నడిపే సీవీఎస్ కంపెనీ సొంతం. అంటే, చిన్న షాపుకు ఎంత గిట్టాలో పోటీ షాపు యజమానే తేలుస్తున్నాడు! కలిగినవాళ్ల పేటలో షాంపూలు, చాక్లెట్ల లాభం ఈ లోటును కొంత పూడుస్తుంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ కార్డులే ఎక్కువగా ఉన్న పేటలో అదీ ఉండదు.

పోస్టులో తెప్పించుకోవచ్చు కదా అంటారు. బీపీ మాత్రలకు సరే. పసిబిడ్డకు ఈ రాత్రే మొదలుపెట్టాల్సిన యాంటీబయాటిక్ సంగతేమిటి? జూలై ఎండలో గుమ్మం ముందు పడి ఉన్న ఇన్సులిన్ పెట్టె సంగతేమిటి? హైదరాబాద్ కంపెనీల షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ అంత సముద్రం దాటి వెళ్లి, చివరి మైలు దగ్గర ఆగిపోతోంది.

మందు కొన్న ధరకు తోడు ప్రతి ప్రిస్క్రిప్షన్‌కు ఒక సేవా రుసుం ఇవ్వాలని చట్టం పట్టుబట్టాలి. రాష్ట్రం నేరుగా నడిపే మెడికెయిడ్‌లో ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలకు అప్పజెప్పిన చోటే జారిపోతోంది. కెంటకీ రాష్ట్రం 2021లో ఆ కంపెనీలన్నిటికీ కలిపి ఒకే పీబీఎంను పెట్టింది.

అక్కడున్న మనవాళ్లకు ఒక మాట. షాపు మూసేస్తున్నట్టు నోటీసు వస్తే మీ ప్రిస్క్రిప్షన్ల ఫైలు దానంతటదే ఎక్కడికి పోతుందో చూస్తూ కూర్చోవద్దు. మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న షాపు ఎంచుకుని, పాత సీసా మీది ప్రిస్క్రిప్షన్ నంబరు ఇస్తే మిగిలిన రీఫిల్స్ (అదే ప్రిస్క్రిప్షన్ మీద ఇంకా తీసుకోగల విడతలు) వాళ్లే తెప్పిస్తారు. గట్టి నొప్పి మందు ఆక్సికోడోన్, ఏకాగ్రత లోపానికి ఇచ్చే అడరాల్ వంటి వాటికి రీఫిల్స్ ఉండవు. అవి అయిపోవడానికి వారం ముందే డాక్టరుకు చెప్పి కొత్త ప్రిస్క్రిప్షన్ కొత్త షాపుకే పంపించుకోవాలి.

— ఒక ఫార్మసిస్టు, షికాగో