ఆ ఆకుపచ్చ పట్టీ బొమ్మ ఇంక మార్చండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వేరే గ్రహాల మీద జీవం గురించి మీ సైన్స్ పేజీలో ఎప్పుడు రాసినా పక్కన అదే బొమ్మ వేస్తున్నారు. మధ్యలో సూర్యుడు, చుట్టూ ఓ ఆకుపచ్చ పట్టీ, అందులో భూమి, పట్టీకి లోపలైతే మాడిపోతాం బయటైతే గడ్డకట్టిపోతాం అని కింద రెండు ముక్కలు. బొమ్మ తప్పు అనట్లేదు, నేల పైన నీళ్లు నిలవాలంటే ఆ లెక్క కరెక్టే. కానీ నీళ్లంటే అక్కడే, ఇంకెక్కడా ఉండవు అన్నట్టు వేయడమే బాలేదు, ఎందుకంటే సైంటిస్టులు ఇప్పుడు గట్టిగా ఆశ పెట్టుకున్న చోట్లు ఆ పట్టీకి ఎంతో బయట, గురుడి దగ్గరా శని దగ్గరా ఉన్నాయి. శని దాకా వెళ్లేసరికి మనకొచ్చే ఎండలో ఇంచుమించు నూరో వంతే మిగులుతుంది.

గురుడి చందమామ యూరోపానే తీసుకోండి. మన చందమామ కంటే కాస్త చిన్నది, పైనంతా మంచు పెంకు, దాని నడుం (మధ్యరేఖ) దగ్గర కూడా మైనస్ 160 డిగ్రీల చలి. అయినా ఆ మంచు కింద ఉప్పునీళ్లున్నాయని, మన సముద్రాలన్నీ కలిపినా దాంట్లో సగమే అవుతాయేమో అని అంచనా. మరి అవి గడ్డకట్టలేదేంటి? ఇది మీ పేజీలో ఎప్పుడూ రాలేదండీ, అసలు సంగతి ఇదే. యూరోపా గురుడి చుట్టూ మూడున్నర రోజులకోసారి తిరుగుతుంది, ఆ దారి పూర్తి గుండ్రం కాదు, దగ్గరికొచ్చినప్పుడు గురుడు గట్టిగా లాగుతాడు దూరం పోయాక కాస్త వదులుతాడు, ఇలా సాగడం సర్దుకోవడం మళ్లీ సాగడం ఆపకుండా జరుగుతుంటే లోపల రాపిడికి వేడి పుడుతుంది, రాళ్లలో ఉండే రేడియోధార్మిక పదార్థాల వేడి దానికి తోడు. మామూలుగా అయితే కొన్నాళ్లకి ఆ దారి గుండ్రంగా అయిపోయి ఈ రాపిడి ఆగిపోవాలి. ఆగనివ్వనిది పక్కనున్న చందమామలు. అయో నాలుగు చుట్లు తిరిగేలోపు యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి, ఈ లెక్క తప్పదు, అందుకే ఒకదాన్నొకటి ఎప్పుడూ అదే వరసలో లాక్కుంటూ ఉంటాయి. ఈ మూడింట్లో గురుడికి దగ్గరున్న అయో మీదైతే ఈ రాపిడికి ఏకంగా అగ్నిపర్వతాలే పేలుతున్నాయి. సూర్యుడి ప్రమేయం ఏమైనా ఉందా ఇందులో?

కింద నీళ్లున్నాయని ఎవరు చూసొచ్చారు అంటారేమో. ఎవరూ చూడలేదు. 1995లో గురుడి దగ్గరికి చేరిన నాసా వాళ్ల గెలీలియో నౌకలో మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఉండేది, మార్గరెట్ కివెల్సన్ గారి టీమ్ దాని బాధ్యత చూసింది. గురుడి అయస్కాంత క్షేత్రం కాస్త వంగి ఉంటుంది కాబట్టి గురుడు తిరిగే కొద్దీ యూరోపా దగ్గర దాని దిశ అటూ ఇటూ మారుతుంది. ఆ మార్పుకి తగ్గట్టు యూరోపా లోపల కూడా ఓ బుల్లి క్షేత్రం పుట్టి తనూ దిశ మార్చుకుంటోందని 2000 జనవరిలో దగ్గరగా వెళ్లినప్పుడు గట్టిగా తేలింది. అలా జరగాలంటే లోపల కరెంటు పారే పొర ఉండాలి. మంచులో పారదు, ఉప్పునీళ్లలో పారుతుంది. నా మటుకు నాకు ఇది ఏ రంగుల ఫొటో కన్నా గొప్ప వార్త, కానీ పేపర్లలో ఫొటోకే చోటు!

శని చందమామ ఎన్సెలాడస్ విషయంలో కూడా ముందు పసిగట్టింది కెమెరా కాదు. 2005 మొదట్లో కస్సీని నౌకలోని మాగ్నెటోమీటర్‌కి అక్కడ శని క్షేత్రం ఏదో అడ్డం వచ్చినట్టు వంగి కనిపించింది, మిషెల్ డోహర్టీ గారి టీమ్ ఇంకా దగ్గరికి పోనివ్వండని అడిగి ఒప్పించింది, జూలైలో 173 కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లి చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర పొడవాటి పగుళ్లు, అవి చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉన్నాయి, వాటిలోంచి ఆవిరీ మంచు తునకలూ అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. అడ్డంగా కొలిస్తే మొత్తం 500 కిలోమీటర్లున్న బుల్లి చందమామ అది! తర్వాత ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అది తిరుగుతూ తిరుగుతూ కొంచెం ఊగుతోందని 2015లో లెక్క తేల్చారు. ఉడికిన గుడ్డునీ పచ్చి గుడ్డునీ బల్ల మీద తిప్పితే తేడా తెలిసిపోతుంది కదా, అలాగే పైనున్న మంచు పెంకు లోపలి రాయికి అతుక్కుని ఉంటే అంత ఊగదు, అంటే మధ్యలో చుట్టూతా నీళ్లే.

ఇక హెడ్డింగుల సంగతి. 2023లో ఆ చిమ్మే మంచు తునకల్లో ఫాస్ఫేట్లు దొరికాయని తేలినప్పుడు చాలా చోట్ల ‘శని చందమామపై జీవం?’ అని వేశారు. ప్రశ్నార్థకం తగిలిస్తే బాధ్యత తీరిపోతుందనుకుంటా. దొరికింది జీవానికి కావలసిన సరుకుల్లో ఒకటి, అంతకుముందు 2017లో ప్రకటించిన హైడ్రోజన్ కూడా అంతే, సూక్ష్మజీవులుంటే వాటికి తిండిగా పనికొస్తుంది. ఇప్పటిదాకా ఎక్కడా ప్రాణి దొరకలేదు, అది కూడా అంత స్పష్టంగా రాయాలి. 2024 అక్టోబర్ 14న బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ కూడా ప్రాణుల్ని పట్టుకోడానికి పోవట్లేదు, బతకడానికి వీలున్న చోటా కాదా చూడ్డానికి పోతోంది. గురుడి దగ్గర రేడియేషన్ ఘోరం, అక్కడే పాతుకుని ఉంటే పరికరాలు పాడైపోతాయి, అందుకే యూరోపా చుట్టూ తిరగకుండా గురుడి చుట్టూ తిరుగుతూ 49 సార్లు పక్కనుంచి దూసుకుపోయేలా ప్లాన్ చేశారు, వెళ్లిన ప్రతిసారీ రాడార్‌తో మంచు లోపలికి చూస్తుంది.

యూరప్ వాళ్ల జ్యూస్ నౌక 2023 ఏప్రిల్‌లోనే బయల్దేరింది, 2031లో గురుడి దగ్గరికి చేరి 2034లో గానిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాలి. ఇన్నేళ్లు పట్టే పనికి మన పేపర్లు రాకెట్ ఎగిరిన మర్నాడు ఫొటో వేసి చేతులు దులుపుకుంటాయి. క్లిప్పర్ 2030లో చేరేలోపు 2026 డిసెంబర్‌లో మళ్లీ భూమి పక్కనుంచే వెళ్లాల్సి ఉంది, మన భూమి ఆకర్షణ వాడుకుని వేగం పెంచుకోడానికి. అప్పుడైనా ఓ అర పేజీ కేటాయించండి, బొమ్మలో ఆ పట్టీని అలాగే ఉంచినా పర్లేదు, గురుడినీ శనినీ కూడా అందులో గీసి యూరోపా, ఎన్సెలాడస్ పక్కన ‘వేడి: లోపలి రాపిడి’ అని రాయించండి చాలు.

ఇట్లు,
మీ సైన్స్ పేజీ పాఠకుడు