ఆదివారం మందుల సంచితో రండి

కాలనీలో అందరికీ నమస్తే.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాలుకు డాక్టరమ్మ వస్తున్నారు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు తప్పకుండా రావాలి. ఇంట్లో వాడే మందులన్నీ తెచ్చుకోండి. చీటీలో రాసినవే కాదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, పొడులు, పసర్లు కూడా.

మా అమ్మకు బీపీ, షుగర్. మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా రోజూ ఒక నొప్పి గోళీ వేసుకుందట, మాకు తెలియనే లేదు. పోపుల డబ్బా వెనక కాగితంలో చుట్టి పెట్టుకునేది. పాదాలు వాచి, చెప్పు పట్టీ అచ్చు పడితే గానీ మేం గమనించలేదు. పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట.

మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఫ్లోరైడ్ నీళ్ల నొప్పులు ఎట్లుంటాయో నాకు తెలుసు. ఓర్చుకోమని అనడం లేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోళీలు బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కొన్ని బీపీ గోళీలు, నీరు తీసే గోళీలతో కలిస్తే ఇంకా ప్రమాదం.

భయపడి రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు మాత్రం ఆపకండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇంటి నంబరు ఇక్కడ పెట్టండి. నడవలేని పెద్దవాళ్లుంటే చెప్పండి, మేమే బండి మీద తీసుకొస్తాం.