చదరంగం పోటీ: ఫీజులు, విభాగాలు

వేళచ్చేరి తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం 9 గంటలకు మన క్లబ్‌హౌస్‌లో ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) చదరంగం పోటీ. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసే ఒక్కో ఎత్తుకు 10 సెకన్లు అదనం.

ఓపెన్: 400 రూపాయలు, ఎవరైనా ఆడవచ్చు.
1600లోపు రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె): 300.
పదేళ్లలోపు పిల్లలు: 150. ఈ ఏడాది జనవరి 1 నాటికి పదేళ్లు నిండి ఉండకూడదు. ఒకే ఇంటి నుంచి రెండో బిడ్డ వస్తే సగమే.

పేచీ అంతా రెండో విభాగంతోనే. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చదరంగం సమాఖ్య) రేటింగ్ 1400 దగ్గరే మొదలవుతోంది. "1400లోపు" అని పెడితే రేటింగ్ లేనివారే మిగులుతారు, అందుకే 1600. వచ్చే నెల 1న వెలువడే ఫిడే ర్యాపిడ్ రేటింగ్ జాబితానే లెక్క. రేటింగ్ లేనివారూ ఇందులో ఆడవచ్చు, కానీ మొదటి బహుమతి మాత్రం ఇవ్వం. పోయినసారి "నాకు రేటింగ్ లేదండీ" అంటూ వచ్చిన ఒకాయన, ఎదుటి కుర్రాడి కాఫీ చల్లారేలోపు ఆట ముగించి, సాయంత్రానికి కప్పు పట్టుకుపోయారు!

పేరు, పుట్టిన తేదీ, ఫిడే ఐడీ ఉంటే అదీ పోటీకి ముందు శుక్రవారంలోగా ఇక్కడే పంపండి. డబ్బు కట్టాకే పేరు ఖాయం. చెస్ గడియారాలున్నవారు తెచ్చిపెట్టండి, మన దగ్గర ఆరే ఉన్నాయి.

పిల్లల వయసు రుజువు మరిచిపోవద్దు.