ఆదివారం ‘పంచాయత్’ – ఏవేవి చూద్దాం?

అందరికీ నమస్తే. ఆదివారం అమ్మమ్మ ఇంట్లో హిందీ వెబ్ సిరీస్ ‘పంచాయత్’ చూద్దామనుకున్నాం కదా. 2020లో వచ్చిన మొదటి సీజన్‌లోనే 8 ఎపిసోడ్లున్నాయి, ఒక్క పూటలో అవ్వవు. నా లెక్క ఇదీ.

మొదటిది వదలొద్దు. పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం ఇష్టం లేకుండానే హీరో అభిషేక్ ఫులేరా ఊళ్లో దిగడం చూస్తేనే తర్వాతి మార్పు తెలుస్తుంది. తర్వాత దెయ్యం చెట్టు, సోలార్ లైటు కథ. పిల్లలకు అది తెగ నచ్చుతుంది. మూడోది చక్రాలున్న ఆఫీసు కుర్చీ కోసం పెళ్లికొడుకు అలిగేది. మన పెళ్లిళ్లలో అలకపాన్పులు చూసినవాళ్లం, బావగారూ, మీరు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు.

టైం చాలకపోతే మధ్యవి వదిలేసి నేరుగా 8కి వెళ్దాం. మంజూదేవి పేరుకే సర్పంచ్, పెత్తనమంతా భర్తది. ఆవిడ జనవరి 26న జెండా ఎగరేయడానికి జనగణమన నేర్చుకునే తీరు చూస్తే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. అత్తయ్యా, అది మీరు తప్పకుండా చూడాలి.

రెండో సీజన్ ఆఖరిది మాత్రం ఆ రోజు వద్దు. చాలా ఏడిపిస్తుంది, అమ్మమ్మ తట్టుకోలేదు.

అమ్మమ్మకు హిందీ రాదు కాబట్టి పక్కన కూర్చుని నేను చెబుతూ ఉంటా. సాయంత్రం 4కల్లా వచ్చేయండి.