బజ్జీగాడికి, వాడి మిగ్ రెక్క గురించి

ఒరేయ్ బజ్జీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాలు పర్వాలేదు, చిన్నదానికి పాలపళ్లు ఊడుతున్నాయి, ఇల్లింకా మారలేదు. ఇక్కడి సంగతులు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నువ్వు పంపిన ఫొటో గురించి రా. అంటించిన టేపు లాగగానే నీ ప్లాస్టిక్ బొమ్మ విమానం మిగ్-21 ఎడమ రెక్క మీది వెండి రంగు అరటితొక్కలా లేచొచ్చింది కదా, "టేపు మంచిది కాదేమో" అని రాశావు. టేపు పాపం ఏం చేసింది! ఫొటో పెద్దది చేసి చూడు. వెండి ఊడి కింద బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) నిలిచుంటే తప్పు రంగుది. నీ రెక్క మీద బూడిద కూడా టేపుతోపాటే పోయి ఉత్త ప్లాస్టిక్ మెరుస్తోంది. అంటే ప్రైమర్ ప్లాస్టిక్‌ను పట్టుకోనేలేదు.

నువ్వు కొన్నది నీళ్లతో కడిగే అక్రిలిక్-పాలీయురేథేన్ రకం. సీసా పేరు ఇక్కడెందుకులే, మనిద్దరికీ తెలుసు. ఆ రకం ప్లాస్టిక్‌లోకి దిగదు, పైన తొడుగులా పరుచుకుంటుంది. ల్యాకర్ ప్రైమర్‌లోని ద్రావకం అలా కాదు, పాలీస్టైరీన్ (బొమ్మ ప్లాస్టిక్) పైపొరను కాస్త కరిగించి చెట్టు వేళ్లలా అందులోకి దిగిపోతుంది. అందుకే నీ ప్రైమర్‌ను సానపేపరుతో రుద్దితే అంచు నున్నగా కలవకుండా రబ్బరులా చుట్టుకుని లేచింది. అలాగని అది చెత్త సరుకేం కాదు. మాస్కింగ్ (రంగు పడకూడని చోట టేపు అంటించడం), రుద్దుడు లేకుండా కుంచెతో వేసుకునే సైనికుల బొమ్మలకు హాయిగా సరిపోతుంది, వాసనా తక్కువ. మొత్తం లోహపు రంగు వేసి, పది చోట్ల టేపు అంటించాల్సిన విమానానికి మాత్రం అది కాదు.

పైగా "రెండు గంటలు ఆరబెట్టా" అని గొప్పగా రాశావు! చేతికి అంటకపోతే ఆరినట్టు కాదురా, గట్టిపడాలి. దానికి మామూలుగానే ఒక రోజు కావాలి. విశాఖలో, ఆగస్టులో, నేనైతే రెండు రోజులు ముట్టుకోను. ఇంకో అనుమానం కూడా ఉంది, నీ బిరుదు ఊరికే రాలేదుగా. ఆ వేళ్లతో రెక్క పట్టుకున్నావా లేదా, నిజం చెప్పు. అచ్చులోంచి ఊడిరావడానికి వాడే నూనెలాంటి పదార్థం ఎలాగూ ప్లాస్టిక్ మీద ఉండొచ్చు, దానికి తోడు నీ మిరపకాయ బజ్జీ నూనె. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షుతో తోమి కడుగు. గుడ్డతో తుడవకు, నూగు అంటుకుంటుంది. దానంతటదే ఆరనీ. ఆ తర్వాత చేతులకు గ్లవ్స్.

ఇప్పుడు రెక్క సంగతి. ఊడిన చోట మాత్రం ల్యాకర్ కొట్టి అతుకు వేద్దామనుకుంటున్నావు చూడు, ఆ పని అస్సలు చేయకు. ల్యాకర్ ఘాటుకు చుట్టూ మిగిలిన అక్రిలిక్ అంచు ముడతలు పడి లేస్తుంది. ఉన్నదంతా తీసేయాల్సిందే. ముందు పెద్ద టేపు ముక్కలు అంటించి లాగు, సగం దాంతోనే వస్తుంది. మిగిలినదాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తడిపి, కాసేపాగి టూత్‌బ్రష్షుతో రుద్దు. అది పాలీస్టైరీన్‌ను ఏమీ చేయదు. కాక్‌పిట్ మీది గాజుమూత మాత్రం దూరంగా పెట్టు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ జోలికి వెళ్లకు, అది ప్లాస్టిక్‌నే తినేస్తుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కడుక్కోవడానికి మాత్రం అది బ్రహ్మాండం.

తర్వాత మిస్టర్ సర్ఫేసర్ అనే ల్యాకర్ ప్రైమర్ తెచ్చుకో. 500, 1000, 1200, 1500 అని వస్తాయి, నంబరు పెరిగేకొద్దీ పొర నాజూకు. 500 దాదాపు పుట్టీ లాంటిది, రెక్క మొత్తానికి పులిమావంటే రివెట్లన్నీ పూడిపోతాయి. దాన్ని మిగ్ వీపు మీది అతుకులో మాత్రమే కుంచెతో గీతలా వేసి రాత్రంతా వదిలెయ్. ఆరితే కుంచించుకుపోతుంది, రెండోసారి వెయ్యాల్సి రావచ్చు. పొద్దున ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో పైకి ఉబ్బినది తుడిచేస్తే చాలు, రుద్దే పనుండదు, రివెట్లూ బతుకుతాయి. (1971లో రంగులేని మిగ్ ఎలా ఉండేదో అని నువ్వు వాదించిన రాత్రి గుర్తుందా? ఆ రివెట్ల కోసమేగా అంత గొడవ!)

విమానం అంతటికీ 1500. సీసాను రెండు నిమిషాలు కలిపి, ఒక వంతుకు వంతున్నర నుంచి రెండు వంతుల మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ పొయ్యి. ఎయిర్‌బ్రష్ కప్పు లోపలి గోడ మీద పాలలా జారి పల్చటి పొర వదిలితే సరిపోయినట్టే. 0.3 మి.మీ. సూది, 15 నుంచి 18 పీఎస్ఐ గాలి ఒత్తిడి, ఆరేడు సెంటీమీటర్ల దూరం. మొదట మంచు కురిసినట్టు ఒక్క చేయి, ఐదు నిమిషాలాగి తడి పొర. ఎక్కడ కొడుతున్నావో అక్కడే కరెంటు లైటు వాలుగా పెట్టుకుని చూడు, రంగు పడ్డ చోట రెండు క్షణాలు తడిగా మెరిసి తర్వాత మ్యాట్‌గా మారాలి. మెరవకుండానే పొడిగా పడుతోందంటే దూరం ఎక్కువైంది, లేదా థిన్నర్ తక్కువైంది, గాల్లోనే ఆరిపోయి బొంబాయి రవ్వలా అంటుతుంది. ఆ రవ్వ మీద వెండి వేస్తే ఎంత ఖరీదైన సీసా అయినా పాత అల్యూమినియం గిన్నెలా కనిపిస్తుంది. 2000 నంబరు సానపేపరు తడిపి మెల్లగా తడిమితే పోతుంది.

మీ ఊళ్లో అసలు గండం తేమ. ద్రావకం ఆవిరవుతూ రెక్కను చల్లబరుస్తుంది, గాలిలోని నీరు దాని మీద పట్టి ప్రైమర్ తెల్లగా పాలిపోతుంది. వాన ముసురులో, తెల్లవారుజామున కొట్టకు. మధ్యాహ్నం ఎండ కాసిన గంట చూసుకో. అప్పటికే పాలిపోయిందా, భయపడకు, ఉత్త లెవెలింగ్ థిన్నర్ పొగమంచులా చల్లితే చాలాసార్లు తెలుపు పోతుంది.

ఒరేయ్, ఇది మాత్రం సీరియస్‌గా విను. పక్కగదిలో అత్తమ్మగారి దేవుడి దీపం ఉంటుందిగా, అది ఆరాకే మొదలుపెట్టు. కరోనా నాటి మాస్కు ద్రావకపు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ (ద్రావకపు ఆవిరిని పట్టే) కార్ట్రిడ్జులున్న మాస్కు కొనుక్కో. స్ప్రే డబ్బాలు దుబాయ్ నుంచి బావమరిది సంచీలో తెప్పిస్తానన్నావు, మండే రంగు డబ్బాలను విమానంలో చేతిసంచీలో గానీ చెకిన్ సామానులో గానీ రానివ్వరు. పాపం వాణ్ని ఇరికించకు.

ప్రైమర్ కొట్టాక ముక్కు దగ్గర పెట్టి వాసన చూడు. ద్రావకం వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు, టేపు జోలికి పోవద్దు. వాసన పోయాక కూడా టేపును ముందు అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించు, తీసేటప్పుడు పైకి లాగకుండా దాని మీదికే మడిచి మెల్లగా వెనక్కి లాగు. (అరచేయి అన్నానని మళ్లీ బజ్జీ చేయి పెట్టకు.)

రంగు సంగతి కూడా చెప్పాలి. మామూలు అల్యూమినియం షేడ్‌కు నున్నగా రుద్దిన 1500 చాలు. అద్దంలా మెరిసే క్రోమ్ కావాలంటే మాత్రం దాని మీద నిగనిగలాడే నలుపు రంగు ఉండాలి, ఆ నలుపు చీమ కాలి గీతను కూడా దాచదు. ఇత్తడి ముక్కలకు, అవే, సీటు బెల్టులకు, ముందు మిస్టర్ మెటల్ ప్రైమర్ కుంచెతో ఒక చేయి. మిగ్ ముక్కు ముందు పెట్టే ఎర్ర మూతకు తెల్ల ప్రైమర్, బూడిద మీద ఎరుపు ఇటుకపొడిలా...

అయ్యో, స్కూల్ బస్సు హారన్ కొడుతున్నాడు. ఇలాగే పోస్టు చేసేస్తున్నా. ముందు ఆ రెక్క కడుగు!

నీ
గుండుగాడు